వాల్వ్‌కి గ్యారంటీ ఎన్నేళ్లు?

గుండెలో వాల్వ్ మార్చే ఆపరేషన్ అయి 11 ఏళ్లయింది. ఇప్పటికీ కొత్తగా తెలిసినవాళ్లు మొదట అడిగేది ఇదే, "ఆ వాల్వ్ ఎన్నేళ్లొస్తుందండీ?" అని, మిక్సీ గురించి అడిగినట్టు. నేనూ అప్పట్లో సర్జన్‌ని అదే అడిగాను. "దానికేం కాదు, మీరు మందు మానకుండా ఉంటే చాలు" అన్నారాయన. ఏదో ధైర్యానికి చెప్పారనుకున్నాను.

నాది బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) దగ్గర పెట్టిన రెండు రేకుల మెకానికల్ వాల్వ్. ఈ రకాన్ని ఇప్పటి రూపంలో మనిషికి మొదటిసారి పెట్టింది 1977లో. రేకులకు వాడేది పైరోలిటిక్ కార్బన్, అణు ఇంధనానికి పూత కోసం పనిచేస్తూ తయారుచేసిన పదార్థం! గుండె రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, అన్నిసార్లూ తెరుచుకుని మూసుకుంటున్నా అవి అరగడమంటూ దాదాపు ఉండదు. జంతు కణజాలంతో చేసినవైతే 10–15 ఏళ్లకి పాడవడం మామూలే, వయసు చిన్నదైతే ఇంకా ముందే. అలాగని మెకానికల్‌వి విరిగిన చరిత్ర లేకపోలేదు. బియోర్క్-షైలీ అనే రకం వాల్వుల్లో ఒక మోడల్‌కి, రేకుల బదులు తెరుచుకుని మూసుకునే బిళ్లని పట్టి ఉంచే సన్నటి లోహపు కమ్మీ విరిగి మనుషులు చనిపోయారు, 1986లో దాన్ని మార్కెట్లోంచి తీసేశారు. ఇదంతా నేను ఆపరేషన్ ముందురోజు రాత్రి చదివాను. మీరు మాత్రం ఆ పని చేయకండి.

అసలు టెన్షన్ వాల్వ్‌తో కాదు, రక్తంతో. లోపల పరాయి వస్తువు కనిపిస్తే రక్తం దాని మీద గడ్డ కట్టాలని చూస్తుంది, ఆ గడ్డ రేకుని కదలనివ్వకపోవచ్చు, లేదా ఊడి మెదడుకి పోవచ్చు. అందుకే జీవితాంతం వార్ఫరిన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర. నాకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 2.5 దగ్గర ఉండాలన్నారు, మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) మార్చినవాళ్లకి మామూలుగా 3 దగ్గర. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం.

నాలుగో ఏట దగ్గు పట్టుకుంటే ఒక డాక్టర్ యాంటీబయాటిక్ రాశారు, వార్ఫరిన్ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐదో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే సింకంతా ఎర్రగా. టెస్ట్ చేస్తే ఐఎన్ఆర్ 6.1, ఆ యాంటీబయాటిక్ వార్ఫరిన్ పనిని పెంచేసింది! తప్పు సగం నాదే. అప్పట్నుంచి పర్సులో వాల్వ్ సంగతీ వార్ఫరిన్ సంగతీ రాసిన ఒక చీటీ ఉంటుంది, ఏ మందుల చీటీ రాయించుకున్నా ముందు అది చూపిస్తాను. పంటి డాక్టర్‌కైతే తప్పనిసరి, ఎందుకంటే చిగుళ్ల మీద చేయి పడే పనికి ముందే యాంటీబయాటిక్ వేసుకోవాలి, లేకపోతే క్రిములు వాల్వ్ మీదికి చేరే ప్రమాదం ఉంది.

"టెస్టుల గోల లేని కొత్త మాత్రలున్నాయిగా" అంటారు కొందరు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్ల మీద పరీక్షిస్తే గడ్డలూ పెరిగాయి, రక్తస్రావమూ పెరిగింది, ఆ పరిశోధన మధ్యలోనే ఆపేశారు. సొంతంగా మార్చే ఆలోచనే పెట్టుకోకండి.

ఇక వాల్వ్ మూసుకునేటప్పుడు వినిపించే ఆ టిక్కు టిక్కు. మొదటి నెల నిద్రపట్టక దిండు చెవికి అదుముకునేవాణ్ణి (అలా చేస్తే ఇంకా గట్టిగా వినిపిస్తుంది, తర్వాత తెలిసింది). ఇప్పుడు అది స్పష్టంగా వినిపిస్తేనే నాకు హాయి. ఉన్నట్టుండి మూగబోయినా, మొద్దుబారినా, తోడుగా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెళ్లి ఎకో (గుండె స్కానింగ్) తీయించుకోమన్నారు.