తేదీలు రాసుకో, తర్వాత మాట్లాడదాం

మంగళవారం, జొహన్నెస్‌బర్గ్

పొద్దున్నంతా ఒకటే పని. పొరుగు దేశం నుంచి శిక్షణకు వచ్చిన విలేకరి అమ్మాయి, నేనూ పక్కపక్కన కూర్చుని ఒక రోడ్డు కాంట్రాక్టు ఫైలు తిరగేశాం. వార్త ఇంకా బయటికి రాలేదు కాబట్టి ఆ దేశం పేరు రాయను.

ఇంత లావు ఫైలు ఎక్కడ మొదలుపెట్టాలంది. ముందు తేదీలు రాసుకోమన్నాను. టెండరు ప్రకటన ఎప్పుడు పడింది, కంపెనీ ఎప్పుడు రిజిస్టరయింది, మొదటి బిల్లు ఎప్పుడు చెల్లించారు. పదకొండింటికల్లా తనే పట్టేసింది. ప్రకటన పడ్డ తొమ్మిది రోజులకు గానీ ఆ కంపెనీ పుట్టనే లేదు! టెండరు నిబంధనేమో అయిదేళ్ల అనుభవం ఉండాలని.

వెంటనే రాసేద్దామంది. ఆగమన్నాను. అనుభవమున్న పెద్ద సంస్థే ఈ పని కోసం కొత్త కంపెనీ పెట్టి ఉండొచ్చు. వాటాదారులెవరో తేలాలి. మొహం చిన్నబోయినా, ఆ కాగితాల కోసం దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది.

హోటల్లో మూడు రోజుల వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టడం, గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పడమే. ఇక్కడి అమాభుంగానే అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ పద్ధతి నాకు నచ్చుతుంది. 2010లో మొదలైన చిన్న సంస్థ. చుట్టుపక్కల దేశాల విలేకరులను తమ న్యూస్‌రూమ్‌లోనే కూర్చోబెట్టుకుని అసలు కథనాల మీదే పని చేయించింది. బోట్స్వానా, లెసోతోల్లో పరిశోధనాత్మక జర్నలిజం కేంద్రాలు నిలదొక్కుకోవడంలో ఆ తోడ్పాటుంది.

భోజనాల దగ్గర తెలిసింది, ఆ అమ్మాయికి ఊళ్లో జీతం లేదు, వార్తకింత అని ఇస్తారట. మన జిల్లా కంట్రిబ్యూటర్లకు అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బిచ్చే లైన్ అకౌంటు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. నెలంతా ఒకే ఫైలు పట్టుకుంటే ఆ నెల ఇల్లెలా గడవాలి? ఫెలోషిప్ అంటే నెల జీతం, లాయరు ఖర్చూ కలిపే ఉండాలని నేను మీటింగుల్లో గొడవపడేది ఇందుకే.

మధ్యాహ్నం కొత్త బ్యాచ్‌కి కార్లోస్ కార్డోసో గురించి చెప్పాను. మొజాంబిక్ రాజధాని మపుటోలో ఫ్యాక్స్ మీద పంపే 'మెటికల్' అనే చిన్న పత్రిక ఆయనది. పెద్ద బ్యాంకు మోసం వెంట పడినందుకు 2000 నవంబరు 22న కారులోనే కాల్చి చంపారు. దాదాపు ఒంటరిగా పోరాడాడు. అదే 2017లో, అప్పటి దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమాకు సన్నిహితులైన వ్యాపారులు గుప్తా సోదరుల ఈమెయిళ్లు బయటపడినప్పుడు అమాభుంగానే, డైలీ మావెరిక్, న్యూస్24 అనే మూడు వార్తా సంస్థలు కలిసి పనిచేశాయి. ఒకరి నోరు మూయించినా మిగతా ఇద్దరు రాస్తారు. పిల్లలకు ఆ ధైర్యం కావాలి, అది ఒక్కరి గుండెలోంచి వచ్చేది కాదు.

సాయంత్రం ఇద్దరం కంపెనీకి ప్రశ్నల లేఖ తయారుచేశాం. 'అక్రమం' అన్న మాట రెండు చోట్ల వాడింది, కొట్టేయించాను. తేదీలు చాలు. రేపు లాయరు చూశాక లేఖ వెళ్తుంది, జవాబుకి వారం గడువు. ఏం జవాబిచ్చినా పూర్తిగా వేస్తాం.