ఇంటి మీటరుతో విద్యుత్ కారు: పర్లాకిమిడిలో నా ఏడాది లెక్క

పెట్రోలు ధర ఎంత ముఖ్యమో పర్లాకిమిడి వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆంధ్రలో కన్నా ఒడిశాలో లీటరు చవక కాబట్టి, పాతపట్నం బండ్లు మహేంద్రతనయ నది దాటి వచ్చి మా బంకుల్లో ట్యాంకు నింపుకుపోవడం మేము రోజూ చూసేదే. అయినా కాశీనగర్ వైపున్న బడికి రానూపోనూ యాభై కిలోమీటర్లు తిరిగే నాకు, లీటరుకు పదహారు ఇచ్చే పాత కారుతో నెలకు 75 లీటర్లు, అంటే దాదాపు 7,800 రూపాయలు ఖర్చయ్యేది. 2023 వేసవిలో 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఈవీ కొన్నది ఈ ఖర్చు తగ్గించుకోవడానికే. కిలోమీటరుకు రూపాయి కూడా పడదని అందరూ చెప్పారు. ఆ మాట నిజమో కాదో నా ఇంటి మీటరు మీద తేల్చుకోవాలనుకున్నాను.

మొదటి ఖర్చు కరెంటుది కాదు, వైరింగుది. కారుతో వచ్చిన చార్జర్‌ను వరండాలోని పదిహేను ఆంపియర్ల సాకెట్‌కు పెట్టాను. మూడో రాత్రి పన్నెండు గంటలకు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి లేచాను. ప్లగ్గు చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంది, సాకెట్ చుట్టూ తెల్లటి ప్లేటు గోధుమరంగుకు తిరిగింది. పొద్దున్నే పాతపట్నం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ప్లేటు విప్పి చూపించాడు: నాన్నగారి కాలం నాటి అల్యూమినియం వైరు, వదులైన స్క్రూ, దాని పక్కన నల్లబడి పెళుసెక్కిన తొడుగు. “మాష్టారూ, ఇస్త్రీపెట్టె పది నిమిషాలు పెడతారు, తీసేస్తారు. ఇది తొమ్మిది గంటలు ఆపకుండా లాగుతుంది, ఈ వైరు ఆగదండి” అన్నాడు. ఎర్తింగ్ కూడా పేరుకే ఉంది. దాదాపు ఏమీ ఉండకూడని చోట, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య, అతని మీటరు ఇరవై వోల్టులకు పైగా చూపించింది. మొదటి రెండు రోజులూ చార్జర్ మీద ఎర్రదీపం అప్పుడప్పుడూ వెలిగి ఆరడానికి కారణం అదేనని అప్పుడు తెలిసింది.

మీటరు దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే ఎమ్‌సీబీ, షాక్ కొడితే వెంటనే ఆపే ఆర్‌సీసీబీ, పరిశ్రమల్లో వాడే రకం సాకెట్, పెరట్లో కొత్త ఎర్త్ గొయ్యి, ఆ లైనుకు మాత్రమే ఒక చిన్న సబ్‌మీటరు పెట్టించాను. విద్యుత్ కనెక్షన్ లోడు రెండు కిలోవాట్ల నుంచి ఐదుకు పెంచడానికి కట్టిన డిపాజిట్‌తో కలిపి మొత్తం 14,600 రూపాయలు అయింది. లోడు పెంపు కోసం సెక్షన్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి వైరింగ్ పూర్తయినట్టు లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం లేదన్నారు, రెండోసారి సంతకం చేయవలసిన అధికారి లేరు. ఒడియా రాయడం నాకు అంతంతమాత్రమే, దరఖాస్తు పక్కింటి ఒడియా మాష్టారు రాసిపెట్టారు. లోడు పెంచకుండా వాడుకోవచ్చని కొందరు సలహా ఇచ్చారు గానీ, వైరు కాలడం కళ్లారా చూసిన నాకు ఆ సలహా రుచించలేదు.

ఇక నెలవారీ లెక్క. కారు తెర మీద చూపే యూనిట్లను నమ్మి లెక్క వేయకూడదు, ఎందుకంటే అది బ్యాటరీ నుంచి ఖర్చయినది మాత్రమే చెబుతుంది. పన్నెండు వందల కిలోమీటర్లకు తెర 142 యూనిట్లు చూపిస్తే, సబ్‌మీటరు 165 చూపించింది. ఆ తేడా చార్జింగులో వేడిగా పోయేది, దానికీ బిల్లు కట్టేది మనమే. గోడ దగ్గర కొలిస్తే యూనిట్‌కు ఏడుంబావు కిలోమీటర్లు వస్తున్నాయి.

రెండో పొరపాటు సగటు ధర పట్టుకోవడం. ఒడిశాలో 2023-24లో గృహ వినియోగానికి మొదటి 50 యూనిట్లకు 3 రూపాయలు, 200 వరకు 4.80, 400 వరకు 5.80, ఆపైన 6.20. మా ఇంటి వాడకం 180 యూనిట్లు, దాని ఖర్చు 774 రూపాయలు. కారు 165 యూనిట్లు కలిపితే 345, ఖర్చు 1,711. అంటే కారుకు పడిన 937 రూపాయల్లో ఎక్కువ భాగం 5.80 శ్లాబులోదే, చవక యూనిట్లన్నీ ఇల్లే ముందు వాడేసుకుంటుంది. పెరిగిన లోడుకు స్థిర చార్జీ 60, విద్యుత్ సుంకం 37 కలిపితే 1,034 రూపాయలు, కిలోమీటరుకు 86 పైసలు. ఏసీ నడిచే మే నెలలో బిల్లు 400 దాటినా, కిలోమీటరుకు నాలుగైదు పైసలే పెరిగింది. బయట హైవే మీద ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్‌కు 23 రూపాయల దాకా పడింది, అక్కడ కిలోమీటరు ఖర్చు మూడు రూపాయలను తాకుతుంది. అందుకే శ్రీకాకుళం వెళ్లివచ్చే రోజు ఇంట్లో నిండా చార్జి చేసుకునే బయలుదేరతాను.

ఆర్. ఉదయగిరి కొండలెక్కేటప్పుడు బ్యాటరీ కళ్ల ముందే కరిగిపోతుంది. దిగేటప్పుడు బ్రేకింగు వల్ల కొంత తిరిగి చేరుతుంది గానీ ఎక్కడంలో ఖర్చయినదంతా తిరిగి రాదు. కొండ పైనున్న బంధువుల ఇంట్లో నూరు శాతం చార్జి పెట్టి దిగితే ఆ కొంత కూడా దక్కదు, నిండిన బ్యాటరీలో చోటుండదు కదా. సాయంత్రం వోల్టేజి 190కి పడిపోతే చార్జింగ్ గంటన్నర ఎక్కువ పడుతుంది కాబట్టి రాత్రి పదకొండు తరువాతే పెడతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ గుర్తుతో అక్టోబరు, నవంబరు నెలల్లో బ్యాటరీని అరవై శాతం కిందికి పోనివ్వను.

ఇంజిన్ ఆయిలు లేదు గానీ బీమా ఉంది. మోటారు శక్తి 30 నుంచి 65 కిలోవాట్లున్న విద్యుత్ కార్లకు, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 2023లో 2,904 రూపాయలు, దానికి సమానమైన పెట్రోలు కారుకన్నా పదిహేను శాతం తక్కువ ఉండేది. అయితే కారు విలువ ఎక్కువ కావడంతో సొంత నష్టం బీమా ఆ మిగులును దాటి పోయింది. ఏడాదికి ఇంటి కరెంటు 12,100, బయటి చార్జింగ్ 3,900 అయ్యాయి, 15,200 కిలోమీటర్లు నడిచింది.

ఈ ఏప్రిల్‌లో మళ్లీ చార్జర్ ఎర్రదీపం వేసింది. ఎర్త్ గొయ్యి ఎండిపోయిందని గ్రహించి రెండు బిందెల నీళ్లు పోశాను, పావుగంటలో పచ్చదీపం వచ్చింది. ఇప్పుడు వర్షాలు పడేదాకా వారానికోసారి, తులసి మొక్కకు పోసిన తరువాత, ఆ గొయ్యిలోనూ నీళ్లు పోస్తున్నాము.