ఈసారి గుండ్రంగా వచ్చాయి

ఔషధం నింపడానికి నేను చేస్తున్న, సన్నని రంధ్రాలుండే సిలికా (ఇసుకలోని పదార్థం) కణాలు మూడు నెలలుగా అతుక్కుపోయి ముద్దలుగానే వస్తున్నాయి. ఈరోజు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తెర మీద అన్నీ ఒకే సైజులో, ముత్యాలు పోసినట్టు కనిపించేసరికి కళ్ళు చెమర్చాయి.

మార్చింది ఒక్కటే: అమ్మోనియా కొత్త సీసా తెరిచాను. పాతదాంట్లో వాయువు ఎగిరిపోయి గాఢత పడిపోయింది. కణం సైజును నడిపించేది అదే కదా! 1968లో స్టోబర్ అనే శాస్త్రవేత్త బృందం ఇలాంటి సిలికా గోళాలు చేసినప్పటి నుంచీ తెలిసిన సంగతే.

కణాల్లో రంధ్రాలు చేసే పని సీటాబ్ అనే రసాయనానిది. సబ్బులాంటి ఆ అణువులు నీళ్లలో కడ్డీల్లా గుమిగూడితే, చుట్టూ సిలికా గట్టిపడుతుంది. 550 డిగ్రీల్లో కాల్చేస్తే అవి పోయి 2-3 నానోమీటర్ల సొరంగాలు మిగులుతాయి. గ్రాము పొడిలో దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం! ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు ఆశ్చర్యమే.

రాత్రికి కొలిమిలో పెట్టాను. రేపు ఆ రంధ్రాల్లో ఔషధం నింపి చూడాలి.