సేవకు సెలవు ఎవరిస్తారు?

మా వర్క్‌షాపులో మొదటిసారి ఆ పేజర్ మోగినప్పుడు ఏదో యంత్రానికి అలారం వచ్చిందనుకున్నాను. జర్మనీలో స్టట్‌గార్ట్‌కు తూర్పున రైల్లో గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో, కార్ల గేర్‌బాక్సులకు పళ్లచక్రాలు చేసే కర్మాగారంలో, నాణ్యతా విభాగం ఇంజనీరుగా చేరి అప్పటికి మూడు వారాలైంది. నా ఎదుట గ్రైండింగ్ యంత్రం నడుపుతున్న మనిషి నడుముకున్న పేజర్ తీసి చూసుకున్నాడు, యంత్రం ఆపాడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూనే తలుపు వైపు పరుగు తీశాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆపలేదు. పక్క యంత్రం దగ్గరున్నామె లేచి వచ్చి, అతని పనిని కూడా తన కిందికి తెచ్చుకుంది. రెండున్నర గంటల తర్వాత తడిసిన జుట్టుతో తిరిగొచ్చి, బైపాస్ మీద బోల్తా పడిన లారీ నుంచి డీజిల్ కారుతుంటే ఇసుక పోసి వచ్చామని చెప్పి, ఆపిన చోటు నుంచే పని మొదలుపెట్టాడు.

ఆ రెండున్నర గంటలకు అతనికి జీతం కోస్తారా అని నేను మా సూపర్‌వైజర్‌ను అడిగాను. పదిహేను వేల జనాభా ఉన్న ఈ ఊరికి జీతమిచ్చి పెట్టుకున్న అగ్నిమాపక దళం లేదని, ఫైర్ ఇంజను ఎక్కేవాళ్లందరూ ఇట్లా యంత్రాల దగ్గరి నుంచి, రొట్టెల దుకాణాల నుంచి, బ్యాంకు కౌంటర్ల నుంచి లేచి వెళ్లేవాళ్లేనని ఆయన ఓపికగా చెప్పాడు. ఈ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో పెద్ద నగరాలకే జీతాల మీద నడిచే అగ్నిమాపక దళం తప్పనిసరి. మిగిలిన ఊళ్లను స్వచ్ఛంద సభ్యులే కాపాడుకుంటారు. దేశం మొత్తం మీద ఇట్లాంటివాళ్లు పది లక్షల పైచిలుకు ఉన్నారు. పిలుపు వస్తే యజమాని వదిలిపెట్టాల్సిందే, జీతం ఇవ్వాల్సిందే. అయితే ఆ గంటల జీతాన్ని ప్రైవేటు యజమాని అడిగితే ఊరి పురపాలక సంస్థ తిరిగి చెల్లిస్తుంది. మంటల దగ్గర దెబ్బ తగిలితే ప్రమాద బీమా ఉంటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ మనిషి త్యాగం కాదు, ఆ త్యాగానికి ముందే ఎవరో కూర్చుని వేసిన ఈ లెక్క.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్‌నే. 1969లో మొదలైన ఆ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లాలి. ఒక పల్లెలో మురుగు కాలువ తవ్వాము, రాత్రిపూట అరుగు మీద కూర్చుని ముసలివాళ్లకు సంతకం నేర్పాము, గంటలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని సర్టిఫికెట్ తీసుకున్నాము. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మళ్లీ నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు, నేనూ గుర్తు చేసుకోలేదు. సేవకు మనసుంటే చాలునని, మనసు లేదు గనుకనే చేయడం లేదని నన్ను నేను తిట్టుకుంటూ చాలా ఏళ్లు గడిపాను.

(ఈ మధ్య మన వైపు ‘వాలంటీర్’ అన్న మాటకే అర్థం మారిపోయింది. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం యాభై ఇళ్లకొకరి చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో నియమించినవాళ్లే చాలామందికి గుర్తొస్తారు. నేను జర్మనీలో వాలంటీర్‌గా పోతున్నానంటే మా మేనమామ, “అక్కడ కూడా పింఛన్లు పంచుతావా ఏమప్పా” అన్నాడు.)

నన్ను మళ్లీ సేవలోకి లాగింది ఒక చీటీ. మా క్యాంటీన్ గోడ మీద అంటించిన ఆ చీటీలో, సమాజానికి తిరిగి ఇవ్వండి వంటి పెద్ద మాటలేవీ లేవు. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు, కూరగాయలు ఏరడం, జర్మన్ అంతగా రాకపోయినా ఫరవాలేదు అని మాత్రమే ఉంది. శుక్రవారాలు మాకు ఒంటిగంటకే పని ముగుస్తుంది. కాబట్టి కాదనడానికి నా దగ్గర సాకు లేకపోయింది.

అది టాఫెల్ వాళ్ల గోదాము. 1993లో బెర్లిన్‌లో మొదలై, ఇప్పుడు తొమ్మిది వందలకు పైగా చోట్ల నడుస్తున్న ఈ సంస్థలు, సూపర్ మార్కెట్లలో అమ్ముడుపోని ఆహారాన్ని తెచ్చి, చేతిలో డబ్బు లేనివాళ్లకు నామమాత్రపు రుసుముకు ఇస్తాయి. నాకు ఆప్రాన్, చిన్న కత్తి ఇచ్చి, బత్తాయి పండ్ల వలసంచుల ముందు నిలబెట్టారు. సంచిలో ఒక్క పండు బూజు పట్టినా దుకాణంవాడు సంచి మొత్తం పక్కన పెడతాడు. మేము వల కోసి, చెడిన పండు తీసేసి, మిగిలినవి కడిగి, తుడిచి, వేరే బుట్టలో పేర్చాలి. పెరుగు డబ్బాల మీద ఉండే తేదీ, ఆ రోజు దాకా రుచి, నాణ్యత బాగుంటాయని తయారీదారు ఇచ్చే హామీ మాత్రమే గనుక, అది దాటినా చూసి, తెరిచి, వాసన పట్టి ఇవ్వవచ్చు. కీమా మాంసం మీద ఉండే తేదీ వేరు, అది దాటితే పారవేయవలసిందే. ఈ తేడా నాకు నేర్పిన డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకప్పుడు మా కర్మాగారంలోనే లెక్కలు రాసేదట. ఆరు నెలల తరగతులలో రాని జర్మన్ మాట్లాడటం ఆవిడ పక్కన నిలబడి క్యాబేజీ ఆకులు ఒలుస్తూ వచ్చింది. పనిచోట నేను ‘భారతదేశం నుంచి వచ్చిన ఇంజనీరు’ని. ఆ గోదాములో మాత్రం శుక్రవారం మనిషిని.

జర్మనీలో ఏడుగురు కలిస్తే ఒక సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. మా కంపెనీ తానుగా ఏ సేవా కార్యక్రమాన్నీ నడపదు. ఊళ్లో ఉన్న సంఘాలకు గోడ మీద చోటు ఇస్తుంది, పాత వ్యాను ఇస్తుంది, మనిషి వెళ్తానంటే షిఫ్టు మార్చి ఇస్తుంది. సేవకు కావలసిన శిక్షణ పొందడానికి కూడా సెలవు ఉంది. 2015 నుంచి ఈ రాష్ట్రంలో ఏడాదికి ఐదు రోజుల దాకా జీతంతో ఇచ్చే చదువు సెలవును, నిర్ణీత షరతుల మీద, స్వచ్ఛంద సేవకు సంబంధించిన శిక్షణకూ వాడుకోవచ్చు. ఏమి చేయాలో సంఘానికి తెలుసు, సమయం ఎవరి చేతిలో ఉందో కంపెనీకి తెలుసు, ఎవరి పని వారిదే. ఇదంతా స్వర్గమని చెప్పడం లేదు. మా టాఫెల్‌లో సగం మంది పింఛనుదారులే, కుర్రవాళ్లు రావడం లేదని ప్రతి సమావేశంలో గోల.

2021లో జర్మనీనీ తిరుపతినీ పక్కపక్కన పెట్టి చూడవలసి వచ్చింది. జూలై 14, 15 తేదీలలో పొరుగు రాష్ట్రంలోని ఆర్ లోయను వరద ముంచెత్తింది. దేశంలో 180 మందికి పైగా చనిపోయారు. మా కర్మాగారంలోని ఎలక్ట్రీషియన్ ఒకడు, 1950లో ఏర్పడిన టీహెచ్‌డబ్ల్యూ అనే విపత్తు సహాయ దళంలో సభ్యుడు, రెండు వారాలు అక్కడే ఉండి జనరేటర్లు నడిపి వచ్చాడు. అతని జీతం ఆగలేదు. మళ్లీ నవంబరు 18న తిరుపతిలో వాన. ఘాట్ రోడ్లు మూసేశారు, వీధులు ఏరులయ్యాయి, మూడు రోజులకు రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. మా పిన్నమ్మ మిద్దె మీద నుంచి ఫోన్ చేసింది. వీధిలో కుర్రవాళ్లు ఎవరూ పిలవకుండానే తాళ్లు, ట్యూబులు పట్టుకుని నడుము లోతు నీళ్లలో దిగారు, ముసలివాళ్లను భుజాల మీద మోశారు. మనసుకు ఎక్కడా కొదవ లేదు. కానీ పెద్ద వీధిలోని పిన్నమ్మకు సాయంత్రంలోపు నాలుగుసార్లు పులిహోర పొట్లాలు అందాయి, వెనక సందులో ఉన్నవాళ్లకు చీకటి పడేదాకా ఒక్కటీ అందలేదు. ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారో, ఏ సందుకు దారి మూసుకుపోయిందో రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు. తాళ్లు పట్టుకుని దిగినవాళ్లలో ఇద్దరికి ఆ రెండు రోజుల కూలి పోయింది.

మనకు ఏర్పాటు చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2000లో మొదలైన శ్రీవారి సేవే మన ఊళ్లో ఉంది. పిన్నమ్మ వీధిలోని ఆడవాళ్లు పదిమంది జట్టుగా పేర్లిచ్చి, ఏడు రోజులకు కొండకు వెళ్తారు. వసతి, భోజనం దేవస్థానానివే, రూపాయి జీతం ఉండదు. ఎక్కడ, ఏ పూట, ఏ పని అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక పూట క్యూ కాంప్లెక్సులో చంటిపిల్లల తల్లులకు పాలు, ఒక పూట వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డన. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు నేను అక్కడ భోజనానికి కూర్చున్నాను. ఇంట్లో మోకాళ్ల నొప్పులని మెట్లు దిగని పిన్నమ్మ, సాంబారు బకెట్టుతో పంక్తి చివరిదాకా వెళ్లి, నన్ను చూసి కూడా ఆగకుండా, “పక్కకు జరుగు నాయనా, వెనకాల కూర వస్తాంది” అని సాగిపోయింది. చిన్న పని, హద్దున్న కాలం, పక్కన తెలిసిన మనుషులు, భద్రతకు ఒక సంస్థ: క్యాంటీన్ చీటీలో నేను చూసింది ఇదే.

ఇక మన కంపెనీల సంగతి. అదే సెలవులో చంద్రగిరి మండలంలోని మా ఊరి బడికి ఒక కంపెనీ బస్సు వచ్చింది. అరవై మంది ఒకే రంగు టీషర్టులతో దిగి, ముందే తవ్వించి పెట్టిన గుంతల్లో గంటలో రెండు వందల మొక్కలు నాటి, బ్యానరు ముందు ఫోటో దిగి వెళ్లిపోయారు. అది ఫిబ్రవరి నెల. ఎండలు ముదరబోతున్న మన సీమలో ఫిబ్రవరిలో మొక్క నాటేవాడికి నీళ్ల లెక్క తెలియదనే అర్థం. బడి బోరు అప్పటికే వంట మనిషికి చాలడం లేదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, అడిగినవాళ్లూ లేరు. ఏప్రిల్‌లో పిన్నమ్మ పంపిన ఫోటోలో కట్టెపుల్లలు మాత్రమే ఉన్నాయి.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కింద, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఉద్యోగులు సేవ చేసిన గంటలను రూపాయల్లోకి మార్చి ఆ రెండు శాతంలో చూపడానికి మాత్రం వీలు లేదు. అది సబబే కావచ్చు. ఫలితంగా డబ్బు ఒక వంక పోతుంది, మనుషుల సమయం మిగిలితే అది టీషర్టు రోజుగా మారుతుంది. మొక్కల రోజున బస్సు దిగినవాళ్లలో లైన్ మీద పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరని కూడా గమనించాను. అందరూ ఆఫీసువాళ్లే. సత్యవేడు వైపు శ్రీసిటీ పారిశ్రామిక వాడలో పల్లెల నుంచి తెల్లవారుజామున కంపెనీ బస్సులెక్కే ఆడపిల్లలకు ఆదివారమే గుడ్డలు ఉతుక్కునే రోజు. ఆ రోజున సేవకు రమ్మంటే అది సేవ కాదు, మరో షిఫ్టు. సేవకు రోజు ఇవ్వదలచిన యాజమాన్యం దాన్ని పనిరోజు నుంచి, జీతంతో, లైన్ మనిషికీ కాంట్రాక్టు మనిషికీ సమానంగా ఇవ్వాలి. ఏ పని చేయాలో ఊరి పొదుపు సంఘాన్నో బడి కమిటీనో అడగాలి. అరవై మందికి ఒక రోజు బదులు అదే బడికి ఇద్దరిని వారం వారం పంపితే, మొక్కలకు నీళ్లు అందేవి.

మొన్న జనవరిలో పిన్నమ్మ మళ్లీ సేవకు పేర్లు రాస్తుంటే పక్కన కూర్చున్నాను. పదో పేరు తన కూతురిది, శ్రీసిటీలో సెల్‌ఫోన్ విడిభాగాల లైన్ మీద ఉంది. ఏడు రోజులంటే సూపర్‌వైజర్ నవ్వాడట, మూడు రోజులు పోతే హాజరు బోనసు పోతుందన్నాడట. “నేను పోయొస్తే నువ్వు కడతావా అన్నా బోనసు?” అని నన్ను అడిగింది. కడతానన్నాను. పిన్నమ్మ ఒప్పుకోలేదు. కూతురి పేరు మీద అడ్డంగా గీత గీసి, ఎదురింటి కోడలిని కేకేసి ఆధార్ కార్డు తెమ్మంది.