చెరువులవేనంలో ఒక రాత్రి, వంజంగిలో ఒక రాత్రి

లంబసింగి దగ్గర ఒక రాత్రి, వంజంగి దగ్గర ఒక రాత్రి కొండల్లో టెంటులో గడుపుదామని నేను, మా బావమరిది బయల్దేరాం. తునిలో రైలు దిగేసరికి ఉదయం పదకొండు. డిసెంబరు నెలే అయినా ఎండ చురుక్కుమంటోంది. నా ఒంటి మీద కాటన్ టీషర్టు, జీన్సు. బ్యాగులో ఇంకో జీన్సు, మూడు కాటన్ టీషర్టులు, లావుపాటి స్వెటర్ ఒకటి. చలికి స్వెటర్ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మా బావమరిది బ్యాగు నా బ్యాగులో సగం కూడా లేదు. "ఇన్ని జీన్సులెందుకు బావా, బరువు తప్ప" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

నర్సీపట్నం వరకు బస్సు, అక్కడి నుంచి జీపు. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నకొద్దీ కిటికీలోంచి వచ్చే గాలి మారిపోయింది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. చలికాలం రాత్రి ఆరుబయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందట. ఆ మాట విన్నప్పుడు కథలా అనిపించింది.

టెంటు వేసేది లంబసింగికి దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద. సాయంత్రం నాలుగున్నరకి నడక మొదలుపెట్టాం. వీపు మీద పది కిలోల బరువు, చలేస్తుందేమోనని కిందే తొడుక్కున్న స్వెటర్. సగం దూరం వెళ్లేసరికి చెమటతో టీషర్టు వీపుకి అతుక్కుపోయింది. దారిపక్క మోకాళ్ల ఎత్తు గడ్డి. తిరిగి చూస్తే లోయలో పొద్దువాలుతోంది, నేను ఆ అందంలో పడిపోయి తడి సంగతే మర్చిపోయాను.

పొద్దు గుంకిన పావుగంటకే అసలు విషయం తెలిసింది. మంట దగ్గర కూర్చున్నంతసేపూ ముందువైపు వెచ్చగానే ఉంది, వీపు మీద మాత్రం ఎవరో తడిగుడ్డ పరిచినట్టుంది. స్వెటర్ మీద దుప్పటి కప్పుకున్నా వణుకు ఆగలేదు. కాటన్ చెమటని పీల్చుకుంటుంది, అంత తొందరగా వదలదు. నీరేమో గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అంటే నేను స్వెటర్ లోపల తడిని మూటకట్టి పెట్టుకున్నాను. మళ్లీ టెంటులోంచి బయటికొచ్చి బట్టలు విప్పాలంటే భయమేసి అలాగే పడుకున్నాను. రాత్రి రెండున్నరకి మెలకువొస్తే పాదాలు స్పర్శ తెలియనంతగా చల్లబడిపోయాయి. ఫోన్‌లో 8 డిగ్రీలు. నిజంగా భయపడ్డాను. మా వాడు లేచి, తన బ్యాగులోంచి పొడి సాక్సులు, పల్చటి పాలిస్టర్ టీషర్టు తీసిచ్చి "ముందు ఆ టీషర్టు తీసెయ్ బావా" అన్నాడు. మార్చుకున్న పది నిమిషాలకి వణుకు తగ్గింది. అదే స్వెటర్, అదే దుప్పటి. మారింది ఒంటికి తగిలే బట్ట ఒక్కటే.

తెల్లారాక చూస్తే టెంటు తాడు మీద ఆరేసిన జీన్సు మంచుకి తడిసి ముద్దయింది. రెండు చేతులతో పిండితే నీళ్లు కారాయి. కిందికి దిగాక టీ కొట్టు పెద్దమ్మకి రాత్రి సంగతి చెప్పాను. ఆవిడ ఒంటి మీద పెద్ద బరువేం లేదు. చీర, ఒక స్వెటర్, చెవులు మూసుకుపోయేలా తలకి గట్టిగా చుట్టిన తువ్వాలు.

"సెమట బట్టల్తో తొంగున్నావేటి బాబూ? సలి రాదేటి మరి? సెవులు, పాదాలు కప్పుకో, పొడిబట్ట కట్టుకో. సాలు."

ఆ మూడు మాటలు నాకు నేరుగా గుండెకి తగిలాయి. చింతపల్లిలో జీపు ఆగినప్పుడు ఉన్ని సాక్సులు రెండు జతలు, మంకీ క్యాప్, పల్చటి పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు కొన్నాను. ఖరీదైన జాకెట్టు జోలికి పోలేదు. పాడేరు దాటి వంజంగి కొండ కిందికి చేరేసరికి సాయంత్రమైంది.

ఆ రాత్రి వేరే పద్ధతి పెట్టుకున్నాం. నడిచేటప్పుడు కాస్త చలిగా అనిపించినా సరే, చెమట పట్టనంత పల్చగా వేసుకున్నాం. ఆగగానే స్వెటర్. గాలి వీస్తే దాని మీద రెయిన్‌కోటు, ఎందుకంటే అల్లిన స్వెటర్లోంచి గాలి దూసుకుపోతుంది. పడుకోవడానికంటూ ఒక పొడి జతని ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి విడిగా పెట్టుకున్నాం, దాన్ని పగలు ముట్టుకోకూడదు. సాక్సులు ఒక జతే, అదీ వదులుగా. బిగుతుగా రెండు జతలు వేస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. టెంటు వాళ్లిచ్చిన ఫోమ్ చాప కింద ఖాళీ సంచులు కూడా పరిచాం. పైన ఎన్ని కప్పుకున్నా నేల కింది నుంచి వేడి లాగేస్తూనే ఉంటుంది.

ఒక్క పొరపాటు మా వాడిది. మంటకి దగ్గరగా జరిగితే నిప్పురవ్వ ఎగిరి అతని ఫ్లీస్ జాకెట్ (ఉన్నిలా మెత్తగా ఉండే పాలిస్టర్ జాకెట్) చేతి మీద పడింది. కందిగింజంత కన్నం, దాని అంచు కరిగి గట్టి పూసలా అయింది. అది చర్మానికి అంటుకుని ఉంటే కాలిన చోట ఊడి రాదు. వెంటనే దాని మీద నా కాటన్ దుప్పటి కప్పాను. మంట దగ్గర మాత్రం కాటన్, ఉన్నిలే నయం. ఏ బట్టనీ పూర్తిగా తీసిపారేయలేం అనిపించింది.

ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. నాలుగింటికి లేచి కొండెక్కాం. పైకి చేరేసరికి తూర్పు ఎర్రబడుతోంది, కింద లోయంతా తెల్లటి మబ్బుల చెరువు. కొండ శిఖరాలు అందులో దీవుల్లా తేలుతున్నాయి. పక్కన ఒక చిన్నపాప వాళ్ల నాన్న జాకెట్లోకి దూరి ఏడుస్తోంది, కాళ్లకి చెప్పులే. నా దగ్గర మిగిలిన రెండో జత ఉన్ని సాక్సులు ఇచ్చాను. వాళ్ల నాన్న మోకాళ్ల మీద కూర్చుని ఆ బుజ్జి పాదాలకి అవి మోకాలిదాకా లాగాడు. కాసేపటికి పాప ఏడుపాపి మబ్బుల వైపు చెయ్యి చూపించింది.

తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతూ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాం. పాడేరులో మంకీ క్యాప్, సగం ఘాట్‌లో స్వెటర్. రైలెక్కేసరికి ఫ్యాను కింద సీటు వెతుక్కున్నాం. కవర్లో కుక్కిన జీన్సు మాత్రం విజయవాడలో మా డాబా మీద ఆరేసేదాకా తడిగానే ఉంది.