కుందేలు రొమ్ము గడ్డకు మార్కర్ పరీక్ష: రిపోర్టు నమ్మే ముందు అడగాల్సినవి

పెంపుడు ఆడ కుందేలు పొట్ట కింద చనుమొనల వరుసలో గట్టి గడ్డ చేతికి తగిలితే ఆలస్యం చేయకండి. ఈ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరే. గర్భసంచి తీయించకుండా వయసు మీదపడ్డ కుందేళ్లలో ఎక్కువగా వస్తాయి, గర్భసంచిలోనూ అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్) ఉండొచ్చు. అందుకే కత్తి పట్టకముందే పొట్టకు అల్ట్రాసౌండ్, ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రే తీయించాలి. చంకల్లో, గజ్జల్లో లింఫ్ గ్రంథులు తడిమి చూడాలి.

ఇక మార్కర్లు, అంటే గడ్డ కణాల స్వభావం చెప్పే ప్రోటీన్లు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టార్లు (ఆ హార్మోన్లను పట్టుకునే ప్రోటీన్లు), కేఐ-67 (ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చూపేది), హెర్-2 (కణాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్) పరీక్షలు చేయిస్తుంటారు. అసలు చిక్కు ఇక్కడే. మనుషుల ల్యాబుల్లో బాగా వాడే ఎస్‌పీ1, ఎస్‌పీ6, 4బీ5 యాంటీబాడీలు (మార్కర్లకు అతుక్కుని వాటిని చూపే ప్రోటీన్లు) కుందేలు నుంచి వచ్చినవి. వాటిని గుర్తించడానికి వేసే రెండో యాంటీబాడీ కుందేలు ఐజీజీని (ఒంట్లో సహజంగా ఉండే ఒక యాంటీబాడీ రకం) పట్టుకుంటుంది. కుందేలు కణజాలంలో ఆ ఐజీజీ సహజంగానే ఉంటుంది కాబట్టి స్లయిడంతా మార్కర్ ఉన్నట్టు చూపే గోధుమరంగు పరుచుకుంటుంది. దాన్ని చూసి పాజిటివ్ అని రాసేస్తే రిపోర్టే తప్పు. యాంటీబాడీ ఏ జంతువుదని ల్యాబును అడగండి. కేఐ-67కి చిట్టెలుక నుంచి వచ్చిన ఎంఐబీ-1 లాంటిది కావాలి. మొదటి యాంటీబాడీ వేయకుండా ఒక స్లయిడ్ చేయించండి. అదీ గోధుమరంగుకు తిరిగితే ఆ పరీక్షను పక్కన పెట్టాల్సిందే. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని చూసుకోవడానికి హార్మోన్ రిసెప్టార్లకు పాజిటివ్ కంట్రోల్‌గా కుందేలు గర్భసంచి ముక్కనే వాడమనండి.

ముక్క పాడైతే ఏ యాంటీబాడీ కాపాడలేదు. తీసిన గంటలోపే 5 మి.మీ. మందానికి మించకుండా కోసి, దానికి పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. పెద్ద గడ్డను కోయకుండా అలాగే ముంచితే ఫార్మలిన్ లోపలికి చేరేలోగా మధ్యభాగం కుళ్లిపోతుంది, రిసెప్టార్లు ఉన్నా లేనట్టు కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రాసెసింగ్‌కు వెళ్లాలి.

కేఐ-67 శాతం వచ్చాక మనుషుల 20 శాతం హద్దును కుందేలుకు అంటగట్టకూడదు. హెర్-2 పాజిటివ్ అని ట్రాస్టుజుమాబ్ (మనుషుల్లో హెర్-2 పాజిటివ్ క్యాన్సర్లకు ఇచ్చే మందు) ఎక్కించడమూ సరికాదు. అది మనిషి ప్రోటీన్‌కు తగ్గట్టు తయారైన మందు, కుందేలు శరీరం దాన్ని పరాయిదిగా చూస్తుంది. డాక్సోరూబిసిన్ అనే కీమోథెరపీ మందు విషయంలో మరీ జాగ్రత్త: ఆ మందు గుండెను దెబ్బతీసే తీరును పరిశోధకులు చాలాకాలంగా కుందేళ్లలోనే చూస్తున్నారు. నా దృష్టిలో ఈ రోజుకీ మొదటి చికిత్స శస్త్రచికిత్సే: చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలంతో సహా గడ్డ తీసి, అండాశయాలు, గర్భసంచి కూడా తొలగించడం. మార్కర్ల ఫలితం, ఆపరేషన్ తర్వాత ఎంత దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒక్క మినహాయింపు. గర్భసంచి తీసేశాక కూడా చాలా గ్రంథులు ఒకేసారి ఉబ్బి, చనుమొనలు రంగు మారి ద్రవం కారుతుంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలోని గడ్డ నుంచి ప్రొలాక్టిన్ (పాలు తెప్పించే హార్మోన్) వస్తోందేమో చూడాలి. అప్పుడు గురి పెట్టాల్సింది పిట్యూటరీకే, గ్రంథులు కోసినంత మాత్రాన సమస్య తీరదు.

ఆపరేషన్‌కు ముందు కుందేలును పస్తు ఉంచొద్దు, తర్వాత కొన్ని గంటల్లోనే తిండి మొదలుపెట్టాలి, లేకపోతే పేగు కదలిక ఆగిపోతుంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా అస్సలు ఇవ్వకూడదు.