పరీక్షల అధ్యయనాలను వెతికేటప్పుడు మూడో షరతు వద్దు

ఒక పరీక్ష ఒక జబ్బును ఎంత సరిగ్గా పట్టుకుంటుందో చెప్పే అధ్యయనాలన్నీ వైద్య వ్యాసాల డేటాబేస్‌లలో వెతికి పెట్టమని అడిగితే, పరీక్ష పేరును, జబ్బు పేరును రాసి, వాటికి 'సెన్సిటివిటీ' (జబ్బున్నవారిలో ఎందరిని పట్టిందో), 'స్పెసిఫిసిటీ' (జబ్బులేనివారిలో ఎందరిని లేదని తేల్చిందో), 'యాక్యురసీ' వంటి మాటలను మూడో షరతుగా 'యాండ్'తో, అంటే అవీ తప్పక ఉండాలని, తగిలించడం చాలామందికి అలవాటు. నేనూ చాలాకాలం అదే చేశాను. అపెండిసైటిస్‌లో అల్ట్రాసౌండ్ గురించి అలా తయారుచేసిన జాబితాను ఇచ్చిన మర్నాడు, దాన్ని అడిగిన డాక్టరుగారు తన దగ్గరున్న వ్యాసమొకటి తెచ్చి, "ఇది మీ జాబితాలో ఎందుకు లేదండీ?" అన్నారు.

సారాంశం చదివాక కారణం తెలిసింది. స్కానింగులో కనిపించినదాన్ని ఆపరేషన్‌లో బయటపడినదానితో పోల్చామని మాత్రమే అందులో ఉంది. నేను పెట్టిన మూడో షరతులోని మాటల్లో ఒక్కటీ శీర్షికలో గానీ, సారాంశంలో గానీ, మెష్ పదాలలో (డేటాబేస్ ప్రతి వ్యాసానికీ తగిలించే విషయసూచిక పదాలలో) గానీ లేదు. పరీక్ష ఎంతమందిలో సరిగ్గా, ఎంతమందిలో తప్పుగా చెప్పిందో లెక్కకట్టడానికి కావలసిన నాలుగు గడుల పట్టిక మాత్రం వ్యాసం లోపల ఉంది, కానీ నేను వెతికిన మెడ్‌లైన్ డేటాబేస్ అంత లోపలికి వెళ్లి చూడదు.

చికిత్సల అధ్యయనాలకు 'ర్యాండమైజ్డ్' (రోగులను చీటీలు తీసినట్టు గుంపులుగా విడదీసిన) అన్న మాట మంచి ఆనవాలు. పరీక్షల అధ్యయనాలకు అంత నమ్మకమైన ఆనవాలు లేదు. పైగా యాంటీబయాటిక్ సెన్సిటివిటీ, ఇన్సులిన్ సెన్సిటివిటీ అంటూ అదే మాట వేరే అర్థాల్లోనూ వస్తుంది కాబట్టి, కావలసినవి జారిపోవడమే కాక అక్కరలేనివీ వచ్చి పడతాయి. మెడ్‌లైన్‌ను వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లోని క్లినికల్ క్వెరీస్ అనే విభాగంలో, జబ్బు నిర్ధారణ అధ్యయనాల కోసం పెట్టిన ఇరుకు ఫిల్టర్‌లో ఉన్నది నిజానికి 'స్పెసిఫిసిటీ' అన్న ఒక్క మాటే. పబ్‌మెడ్ ఇచ్చిన లెక్క ప్రకారమే, కావలసిన అధ్యయనాల్లో అది పట్టేది 64 శాతం. ఎదుట రోగిని పెట్టుకుని త్వరగా ఒకటి రెండు మంచి వ్యాసాలు చూడాలనుకునే వైద్యుడికి అది చాలు, ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కూడగట్టే క్రమబద్ధ సమీక్షకు చాలదు. ఇలాంటి ఫిల్టర్ల మీదే ఆధారపడవద్దని అలాంటి సమీక్షలు చేసే కాక్రేన్ సంస్థ మార్గదర్శకం కూడా చెబుతుంది.

అందుకే ఇప్పుడు పరీక్ష, జబ్బు అనే రెండు భాగాలే పెట్టుకుని, ఒక్కోదాన్ని 'ఆర్'తో, అంటే ఈ మాటల్లో ఏదున్నా చాలని, వీలైనంత విస్తరిస్తాను. 'అల్ట్రాసో' వరకు రాసి నక్షత్రం గుర్తు పెడితే అల్ట్రాసౌండ్, అల్ట్రాసోనోగ్రఫీ రెండూ వస్తాయి. సోనోగ్రఫీని, సోనోగ్రామ్‌ను విడిగా రాయాలి. నక్షత్రం పెట్టిన మాటను పబ్‌మెడ్ తనంతట తాను మెష్ పదానికి ముడిపెట్టదు కనుక, ఆ పదాన్ని మనమే చేర్చాలి. 2017లో మెష్‌లో 'అల్ట్రాసోనోగ్రఫీ' అన్న ఉపశీర్షికను (మెష్ పదానికి తోకగా చేర్చే మాటను) తీసేసి 'డయాగ్నోస్టిక్ ఇమేజింగ్'లో కలిపేశారు కాబట్టి, పాత వెతుకులాటను తెచ్చి అలాగే అతికించుకునేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఎంబేస్ అనే మరో డేటాబేస్‌కు వెళ్తే, దాని సొంత విషయసూచిక పదాలైన ఎమ్‌ట్రీ పదాలతో పని మళ్లీ మొదలు. జంతువుల అధ్యయనాలు వద్దని 'నాట్ యానిమల్స్' అని పెట్టేస్తే, మనుషులూ జంతువులూ కలిసి ఉన్నవి కూడా పోతాయి.

జాబితా ఇచ్చే ముందు, తప్పక రావలసిన ఐదారు వ్యాసాలు చెప్పమని జాబితా కావాలన్నవారినే అడిగి, అవి వచ్చాయో లేదో సరిచూస్తున్నాను. ఆ అపెండిసైటిస్ జాబితా రెండోసారి మూడింతలైంది. డాక్టరుగారు దాన్ని చూసి నిట్టూర్చి, శీర్షికలు చదవడానికి ఇంకొకరిని తోడు తెచ్చుకున్నారు.